పిల్లలకు దెయ్యం కథల పుస్తకం కొంటున్నారా? ముందు లోపలి బొమ్మలు చూడండి

విజయవాడలో పుస్తకాల పండగ దగ్గరపడుతోంది. జనవరి వచ్చిందంటే మీలో చాలామంది జేబులో ఐదొందలు పెట్టుకుని, వెంట ఒక తమ్ముణ్నో మేనకోడల్నో వేసుకుని స్టాళ్ల చుట్టూ తిరుగుతారు. అందుకే ఇవాళ ఈ టాపిక్. నాకు తరచూ వచ్చే ప్రశ్న ఇది: "అక్కా, మా వాడికి ఎనిమిదేళ్లు. దెయ్యం కథలే కావాలంటాడు. అమ్మేమో వద్దంటుంది. ఏం కొనమంటారు?"

నా సమాధానం ముందే చెప్పేస్తా. కొనండి. కాకపోతే పేరు చూసి కొనకండి, అట్ట చూసి అసలే కొనకండి. లోపల బొమ్మలు ఎలా వేశారో నిలబడి పది నిమిషాలు చూసి, అప్పుడు డబ్బులు ఇవ్వండి. ఆ పది నిమిషాల్లో ఏం చూడాలన్నదే ఈ ఎపిసోడ్.

ముందు అమ్మ సంగతి. "వద్దు, రాత్రి దడుచుకుంటాడు" అని అమ్మ అనడంలో తప్పు లేదు. మన వైపు పిల్లాడు దడుచుకుంటే ఇంటిల్లిపాదికీ పని. దిష్టి తీయాలి, తాయెత్తు కట్టించాలి, దడుపు జ్వరం అని రెండు రోజులు బడి మాన్పించాలి. కానీ మన డెల్టాలో పిల్లలకు భయాన్ని ప్రత్యేకంగా కొనివ్వాల్సిన పనేముంది? చింతచెట్టు మీద దెయ్యం ఉంది, పొలాల్లో కొరివిదెయ్యం ఉంది, ఊరి చివర పాడుబడ్డ బావి ఉంది. ఇళ్ల తలుపుల మీద "ఓ స్త్రీ రేపు రా" అని రాసుకున్న రోజులు మీ అమ్మనో పిన్నినో అడగండి, నవ్వుతూనే చెబుతారు. అప్పట్లో మాత్రం నవ్వలేదు. పిల్లలు ఇవన్నీ ఎలాగూ వింటారు. విన్నదాన్ని ఒకసారి దగ్గరగా, తమకు ఏమీ కాదన్న ధీమాతో చూడాలనుకుంటారు. బొమ్మల పుస్తకం ఇచ్చేది ఆ అవకాశమే.

ఇక్కడ రెండు మాటలు విడదీసి పెట్టుకుందాం: భయం, గుబులు. భయం వేస్తే పిల్లలు పారిపోతారు. గుబులు పుడితే దుప్పటి ముసుగు తన్ని, ఒక కన్ను మాత్రం బయటపెట్టి చూస్తారు. మనం కొనాల్సింది గుబులు పుట్టించే పుస్తకం.

"పుస్తకం ఎందుకక్కా, ఫోన్లో బోలెడు దెయ్యం వీడియోలు ఉన్నాయి కదా" అంటారేమో. నేను కూడా ఫోన్లోనే మాట్లాడుతున్నా కాబట్టి ఫోన్‌ని తిట్టను. తేడా ఒక్కటే. వీడియోలో భయం ఎప్పుడు రావాలో వీడియో చేసినవాడు నిర్ణయిస్తాడు. మెల్లగా మ్యూజిక్ పెంచి, చీకటి గదిలో ఏదో కదిలినట్టు చూపించి, ధడేల్మని ఒక మొహం. పిల్లాడు కళ్లు మూసుకునేలోపే ఆ మొహం లోపలికి వెళ్లిపోయింది. పుస్తకంలో అలా కుదరదు. పేజీ తిప్పేది పిల్లాడి వేలు. తిప్పే ముందు ఆగొచ్చు, మూల కొంచెం ఎత్తి తొంగి చూడొచ్చు, బాలేదనుకుంటే వెనక్కి పోవచ్చు, రాక్షసుడి బొమ్మ మీద అరచెయ్యి పెట్టి మూసేసి పక్కనున్న అక్షరాలు మాత్రమే చదవొచ్చు. పిల్లలు ఇవన్నీ చేస్తారు, గమనించండి. మీరు పక్కన కూర్చుని చదివి పెడుతున్నా సరే, పేజీ తిప్పే పని వాళ్లకే వదిలేయండి.

సరే, మంచి గుబులు ఎలా ఉంటుందో చూడాలంటే మనం దూరం వెళ్లక్కర్లేదు. కృష్ణ దాటి ఓ ముప్పై కిలోమీటర్లు పోతే తెనాలి వస్తుంది కదా, అక్కడి మనుషుల దగ్గరే మొదలుపెడదాం.

చందమామ పేరు వినని తెలుగువాళ్లు ఉండరు గానీ, ఇప్పుడు ఇరవై ఏళ్లున్న మీలో చాలామంది దాన్ని చేత్తో పట్టుకుని ఉండరు. 1947 జులైలో మద్రాసులో మొదలైంది. పెట్టినవాళ్లు ఇద్దరు: బి. నాగిరెడ్డి, చక్రపాణి. చక్రపాణిది తెనాలి. తర్వాత 1952 నుంచి 1980 దాకా పత్రికను నడిపించిన కొడవటిగంటి కుటుంబరావుదీ తెనాలే. ఇందులో నాకు భలే నచ్చే విషయం ఒకటుంది. కుటుంబరావు పక్కా హేతువాద దృష్టి ఉన్న రచయిత. పెద్దవాళ్ల కోసం రాసినప్పుడు మూఢనమ్మకాలను వదిలిపెట్టలేదు. అలాంటి మనిషి దాదాపు ముప్పై ఏళ్లపాటు నెలనెలా దేశంలోని పిల్లలకు శవాన్నీ, బేతాళుణ్నీ, మాంత్రికుల్నీ, బ్రహ్మరాక్షసుల్నీ అందించారు. ఇందులో నాకు తిరకాసేమీ కనపడదు. దెయ్యం కథను ఇష్టపడటానికి దెయ్యాన్ని నమ్మక్కర్లేదు. పిల్లలకు ఆ సంగతి పెద్దవాళ్లకన్నా ముందే తెలుసనుకుంటా.

ఇప్పుడు బేతాళ కథల బొమ్మ ఒకసారి తలుచుకోండి. (బొమ్మ చూపిస్తూ) ఇదిగో. రాత్రి, శ్మశానం. చేత కత్తి పట్టిన రాజు, భుజం మీద వేలాడుతున్న శవం, చుట్టూ పుర్రెలూ ఎముకలూ. దీన్ని వేసిన ఆర్టిస్టు శంకర్. పూర్తి పేరు కె.సి. శివశంకరన్, 1924లో పుట్టారు, 2020లో చనిపోయారు. మరుసటి ఏడాది పద్మశ్రీ ప్రకటించారు. ఆయన వేసిన ఈ బొమ్మను కొన్ని తరాల పిల్లలు నెలనెలా చూశారు. ఆలోచించండి, శ్మశానంలో శవాన్ని మోసుకెళ్లే మనిషి! ఇవాళ ఎవరైనా పిల్లల పుస్తకానికి ఈ ఐడియా తీసుకెళితే "పిల్లలకా? వద్దండీ" అంటారు. మరి ఆ పిల్లలు దీన్ని చూసి హాయిగా ఎలా నిద్రపోయారు?

బొమ్మలో రాజు నడక చూడండి. పరుగెత్తడం లేదు. వెనక్కి తిరిగి చూడటం లేదు. భుజం మీద ఉన్నది శవం కాకుండా బియ్యం బస్తా అయినా అలాగే నడుస్తాడు. పిల్లలు బొమ్మలో ముందు చూసేది తమలాంటి మనిషి మొహం. ఆ మొహంలో బెదురు లేకపోతే చుట్టూ ఎన్ని పుర్రెలున్నా తట్టుకుంటారు. పుస్తకం కొనేటప్పుడు మీరు ముందు చూడాల్సింది ఇదే: బాగా భయపెట్టే పేజీ తీసి, అందులో కథానాయకుడో, చిన్నపిల్లో, కుక్కపిల్లో, ఎవరో ఒకరు ఏం చేస్తున్నారో చూడండి. నోరు తెరిచి అరుస్తూ, మూలకు నక్కి ఉండటం తప్ప ఆ పిల్లకు బొమ్మలో వేరే పని లేకపోతే పుస్తకం పక్కన పెట్టేయండి. దీపం పట్టుకుందా, తాడు కడుతోందా, కనీసం రాక్షసుడి కళ్లలోకి చూస్తోందా? అయితే పర్లేదు.

బేతాళ కథల్లో ఇంకో గట్టి ఏర్పాటు ఉంది. మొదలు ప్రతినెలా ఒకటే, ముగింపూ ఒకటే. రాజు చెట్టెక్కి శవాన్ని దించుతాడు, మౌనంగా నడుస్తాడు, బేతాళుడు కథ చెప్పి చిక్కుప్రశ్న వేస్తాడు, తెలిసి చెప్పకపోతే తల పగులుతుందంటాడు, రాజు నోరు విప్పగానే మళ్లీ చెట్టెక్కేస్తాడు. పిల్లాడికి ఇదంతా కంఠతా వచ్చేసి ఉంటుంది. శ్మశానం అన్నది కథలోకి వెళ్లే గుమ్మం మాత్రమే. లోపల కథలో తరచుగా దెయ్యమే ఉండదు. ఒక వ్యాపారో, ఒక దొంగో, ఒక రాజకుమారో ఉంటారు. చివర్లో మిగిలేది ప్రశ్న. ఎవరు చేసింది న్యాయం? ఎవరి త్యాగం గొప్పది? పిల్లాడు దుప్పట్లో పడుకుని ఆలోచించేది ఆ ప్రశ్న గురించి. శవం గురించి ఆలోచించే తీరిక వాడికి ఎక్కడిది?

ఒక జాగ్రత్త. "విక్రమ్ బేతాళ్" అని అట్ట మీద ఉన్నంతమాత్రాన ప్రతిదీ పిల్లలది కాదు. మూలకథలు ఇరవై అయిదు. పదకొండో శతాబ్దంలో కాశ్మీర్ కవి సోమదేవుడు రాసిన కథాసరిత్సాగరంలో ఉన్నాయి. అవి పెద్దవాళ్ల కోసం చెప్పినవి. గుడిలో తలలు నరుక్కోవడం, తలలు తారుమారు కావడం లాంటివి ఉంటాయి. చందమామ వాళ్లు ఆ పాతికతో ఆగకుండా, అదే చట్రంలో ఏళ్ల తరబడి కొత్త కథలు కూర్చి వేశారు. కొనబోయే పుస్తకంలో మధ్య నుంచి ఒక కథ అక్కడే నిలబడి చదివేయండి. నాలుగు పేజీలే కదా.

ఇక దాసరి సుబ్రహ్మణ్యం సీరియళ్లు. ఈ పేరు మీ నాన్నగారికి కూడా తెలియకపోవచ్చు, ఎందుకంటే చందమామలో ఆ సీరియళ్ల మీద ఆయన పేరు వేసేవాళ్లు కాదు. తోకచుక్క, మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం, రాతిరథం, యక్షపర్వతం, మాయాసరోవరం, భల్లూక మాంత్రికుడు. పేర్లు చదువుతుంటేనే ఏదో అవుతోంది కదా! మొదటిది తోకచుక్క, 1954లో మొదలైంది. వాటికి రంగుల బొమ్మలు వేసింది చిత్ర అనే కలంపేరుతో టి. వీరరాఘవన్.

చిత్ర బొమ్మల్లో నేను గమనించింది చెబుతా. ఎంత భయంకరమైన జంతువైనా చుట్టూ స్పష్టమైన గీత ఉంటుంది. రాకాసి బల్లి ఎక్కడ మొదలైందో ఎక్కడ అయిపోయిందో తెలుస్తుంది. వెలుతురు బాగా ఉంటుంది. గీత కనపడినంతసేపూ "దీన్ని ఎవరో కూర్చుని గీశారు" అని పిల్లాడికి తెలుస్తూనే ఉంటుంది. ఈ మధ్య యాప్‌లలో, చవక పుస్తకాల్లో కంప్యూటర్‌తో చేసిన దెయ్యాల బొమ్మలు వస్తున్నాయి చూడండి. చర్మం మెరుపు, తడి కళ్లు, ఫొటో తీసినట్టే ఉంటాయి. అందులో గీసిన చెయ్యి కనపడదు. ఐదారేళ్ల పిల్లలకు ఏది నిజం, ఏది కల్పన అన్న గోడ ఇంకా పూర్తిగా లేవలేదు. ఆ వయసువాళ్లకు ఫొటోలాంటి దెయ్యం బొమ్మ ఇవ్వొద్దనే నా అభిప్రాయం. ఇందులో నేను కాస్త గట్టిగానే ఉంటాను.

ఈ సీరియళ్లు తొమ్మిది, పదేళ్లు దాటినవాళ్లకు బాగుంటాయి. కత్తులు, బలులు, మాంత్రికులు ధారాళంగా ఉంటారు. అప్పట్లో నెలకు ఒక భాగం వచ్చేది. రాకుమారుడు మొసలి నోటి ముందు నిలబడి ఉండగా కథ ఆగిపోతే ముప్పై రోజులు ఆగాల్సిందే. ఇప్పుడు పుస్తకాలుగా వచ్చేశాయి కాబట్టి ఒక్క ఆదివారం లాగించేయొచ్చు. అలా చెయ్యకండి. రాత్రికి ఒక భాగం చాలు. మధ్యలో వాళ్లు "రేపేం జరుగుతుందంటే..." అని సొంతంగా ఊహించుకుంటారు చూడండి, సగం మజా అక్కడే ఉంది. భయాన్ని సొంతంగా నడిపించుకోవడం కూడా అప్పుడే అలవాటవుతుంది.

పాత బొమ్మల గురించి ఒక మాట దాచకుండా చెప్పాలి. మన పాత బొమ్మల కథల్లో చాలాచోట్ల చెడ్డవాడు నల్లగా, వికారంగా ఉంటాడు. రాకుమారుడు తెల్లగా మెరిసిపోతాడు. ఒంటరి ముసలమ్మ కనిపిస్తే మంత్రగత్తె అయి ఉంటుంది. అడవిలో ఉండేవాళ్లంటే ఈటెలు పట్టుకుని మీద పడేవాళ్లు. అవి తీసి పారేయమనను. కానీ పక్కన కూర్చున్నప్పుడు "ఏరా, నల్లగా ఉంటే చెడ్డవాడేనా? మరి మన తాతయ్య?" అని ఒక్క ప్రశ్న వేయండి. వాళ్లే తేల్చుకుంటారు.

అన్నట్టు ఈ చందమామ జంటే 1951లో పాతాళభైరవి సినిమా తీశారు. అందులో నేపాళ మాంత్రికుడు ఎస్వీ రంగారావు, పుట్టింది నూజివీడు. ఏడెనిమిదేళ్ల వాళ్లకు నేను ధైర్యంగా చూపించే భయం సినిమా అదొక్కటే. ఆ మాంత్రికుడు ఎంత భయపెడతాడో అంత ముద్దొస్తాడు.

ఇప్పుడు కొంచెం కష్టమైన సంగతి.

మా అక్క వాళ్లు సింగ్ నగర్‌లో ఉంటారు. 2024 సెప్టెంబర్ ఒకటిన బుడమేరు పొంగినప్పుడు వాళ్లింట్లో నడుముల్లోతు నీళ్లు వచ్చాయి. మా వాడికి అప్పుడు ఏడేళ్లు. పై అంతస్తు వాళ్లింట్లో రెండు రాత్రులు గడిపారు. కరెంటు లేదు, ఫోన్లలో ఛార్జింగ్ లేదు, కింద చీకట్లో నీళ్ల చప్పుడు. మూడో రోజు పడవలో బయటికి వచ్చారు. ఆ తర్వాత కొన్ని నెలలపాటు రాత్రి బాత్రూంలో బకెట్ నిండే చప్పుడు వింటే లేచి కూర్చునేవాడు. మరి అదే పిల్లాడు సంక్రాంతికి మా ఇంటికొచ్చి అడిగిందేంటో తెలుసా? "పిన్నీ, దెయ్యం కథ ఉందా?"

అక్క వెంటనే "నోర్ముయ్, ఇప్పటికే నిద్ర లేదు" అంది. మా అమ్మ మాత్రం "వాడు అడిగాడు కదే, చెప్పనీ" అంది. నేను రెండు పుస్తకాలు ముందు పెట్టాను. ఒకటి చెరువులో ఉండే దెయ్యం కథ, మెత్తటి రంగులు, అందమైన బొమ్మలు, నవ్వు పుట్టించే కథ. రెండోది బేతాళ కథలు, పుర్రెలతో సహా. వాడు మొదటిది తెరిచాడు. నాలుగో పేజీలో నీళ్లలోంచి ఒక చెయ్యి పైకి వస్తుంది. అక్కడ ఆగి, పుస్తకం మూసి, దాన్ని దిండు కిందికి కూడా కాదు, తీసుకెళ్లి హాల్లో పెట్టి వచ్చాడు. ఆ తర్వాత బేతాళుడి శ్మశానం మూడు రాత్రులు వరుసగా చదివించుకున్నాడు. మూడో రాత్రి శవం ఎన్ని కిలోలు ఉంటుందని అడిగాడు.

చూశారా? పెద్దవాళ్ల లెక్కలో చెరువు దెయ్యం పిల్లల కథ, శ్మశానం పెద్దల కథ. వాడి లెక్క వేరే. వాడి నిజమైన భయం నీళ్లు. శ్మశానం వాడికి ఉత్త కథ. పుస్తకం మీద "ఆరేళ్లు దాటినవారికి" అని రాసి ఉండొచ్చు, కానీ ఫలానా పిల్లాడు ఏం చూసి వచ్చాడో ఆ రాసినవాళ్లకు తెలియదు. మీకు తెలుసు. ఇంట్లో ఈమధ్య ఎవరైనా చనిపోయి ఉంటే, శవం ఉన్న కథ ఇప్పుడు వద్దు. కుక్క కరిచిన పిల్లకు తోడేలు కథ వచ్చే ఏడాదికి. వాళ్లే అడిగితే అప్పుడు ఇవ్వండి.

మా అమ్మమ్మది నాగాయలంక. ఆవిడ దగ్గర కొరివిదెయ్యాలు కనీసం అరడజను ఉండేవి. ఒక్కో దానికి ఒక్కో పేరు, ఒక్కో చెట్టు. ఎప్పుడడిగినా చెప్పేది. 1977 నవంబర్ ఉప్పెన గురించి మాత్రం చీకటి పడ్డాక ఒక్క ముక్క చెప్పేది కాదు. దివిసీమలో వేలమందిని మింగిన ఆ రాత్రి ఆవిడ చూసింది. మేం అడిగితే "అది కథ కాదమ్మా, పొద్దున అడగండి" అనేది. పొద్దున అడిగితే చెప్పేది, నెమ్మదిగా, పేర్లతో సహా. ఏది రాత్రికి, ఏది పగటికి అన్న ఈ విభజన ఏ పుస్తకంలో చదివి నేర్చుకుందో నాకు తెలీదు. నేనూ ఇప్పుడు అదే పాటిస్తున్నా. వరద గురించి మా వాడు మాట్లాడాలనుకుంటే పొద్దున టిఫిన్ దగ్గర మాట్లాడుకుంటాం.

బయటి దేశాల పుస్తకాల్లో ఒకటి తప్పకుండా చూడండి. మారిస్ సెండాక్ అనే అమెరికన్ 1963లో వేసిన "వేర్ ద వైల్డ్ థింగ్స్ ఆర్". అల్లరి చేసినందుకు మాక్స్‌ని అన్నం పెట్టకుండా గదిలోకి పంపిస్తారు. గది అడవవుతుంది, వాడు పడవెక్కి కోరలూ గోళ్లూ ఉన్న రాక్షసుల దీవికి వెళతాడు, వాళ్లకు రాజవుతాడు. ఇది పిల్లలకు మరీ భయంగా ఉందని అప్పట్లో పెద్దవాళ్లు గొడవ చేశారు. పిల్లలు మాత్రం వదల్లేదు. మరుసటి ఏడాది అమెరికాలో బొమ్మల పుస్తకాలకిచ్చే పెద్ద బహుమతి కాల్డెకాట్ మెడల్ దీనికే వచ్చింది. ఇందులో బొమ్మల సైజు చూడండి. మొదట్లో పేజీలో చిన్న గళ్లలా ఉంటాయి. మాక్స్ ఊహ పెరిగేకొద్దీ బొమ్మ పెరుగుతుంది, అక్షరాలను పక్కకు తోసేస్తుంది. రాక్షసులతో చిందులేసే చోట మూడుసార్లు రెండేసి పేజీల నిండా బొమ్మే, ఒక్క అక్షరం ఉండదు. తర్వాత మళ్లీ బొమ్మ తగ్గుతూ వస్తుంది. ఇంటికొచ్చేసరికి భోజనం వేడివేడిగా గదిలో ఉంటుంది. వెళ్లిన దారి ఎంత పొడుగో తిరిగొచ్చే దారీ కనపడాలి. మీరు ఏ పుస్తకం పట్టుకున్నా చివరి మూడు పేజీలు చూడండి: ఇల్లో, దీపమో, అమ్మో, తెల్లవారడమో ఉందా? చిన్నపిల్లల పుస్తకంలో అది ఉండాలి.

ఇంకో సరదా సంగతి. ఆ రాక్షసుల మొహాలకు మోడల్స్ ఎవరంటే సెండాక్ చుట్టాలేనట! ఆదివారం వచ్చి బుగ్గలు గిల్లి "తినేస్తా నిన్ను" అనే బాపతు. మనకు తెలియని బాపతేం కాదు కదా. [నవ్వు]

పదేళ్లు దాటినవాళ్లకు, ముఖ్యంగా "దెయ్యాలు నాకు బోర్" అనేవాళ్లకు, క్రిస్ వాన్ ఆల్స్‌బర్గ్ 1984లో తెచ్చిన "ద మిస్టరీస్ ఆఫ్ హారిస్ బర్డిక్" ఉంది. పద్నాలుగు నలుపు తెలుపు బొమ్మలు, ఒక్కోదానికి ఒక పేరు, ఒక వాక్యం. కథ లేదు. తివాచీ కింద ఏదో ఉబ్బెత్తుగా ఉంది, ఒకాయన కుర్చీ ఎత్తి కొట్టబోతున్నాడు. అంతే. అదేంటో మీరే చెప్పాలి. ఇంట్లో నలుగురు పిల్లలు చేరినప్పుడు ఇది ముందు పెట్టి చూడండి, కరెంటు పోయిన సంగతి కూడా గుర్తుండదు. ఇంగ్లీషు రాకపోయినా ఇబ్బంది లేదు.

మన దగ్గర చెన్నై తారా బుక్స్ వాళ్ల "ద నైట్ లైఫ్ ఆఫ్ ట్రీస్" కూడా అలాంటిదే. గోండు కళాకారులు నల్ల కాగితం మీద వేసిన చెట్లు, రాత్రిపూట వెలుగుతుంటాయి. భయం అనలేం, కానీ గుబులు మాత్రం పుష్కలం. ఖరీదు కాస్త ఎక్కువే. స్టాల్లో నిలబడి చూడటానికి డబ్బులు అడగరు.

ఎడ్వర్డ్ గోరీ పుస్తకాలు కనిపిస్తే మోసపోకండి. అక్షరమాల పుస్తకంలా ముద్దుగా ఉంటుంది, తీరా చూస్తే ఒక్కో అక్షరానికి ఒక్కో పిల్లాడు చచ్చిపోతుంటాడు. అది మీకు, నాకు. తమ్ముడికి కాదు.

ఎక్కడ దొరుకుతాయి అంటే, పండగ స్టాళ్లు సరే, ఏడాది పొడుగునా ఏలూరు రోడ్డు పుస్తకాల షాపులున్నాయి. మంచి పుస్తకం లాంటి పిల్లల ప్రచురణలు అడిగి చూడండి. పాత చందమామలు కావాలంటే లెనిన్ సెంటర్ పాత పుస్తకాల షాపుల్లో వెతకాలి. అదృష్టం ఉంటే దొరుకుతాయి. అక్కడ కొనేటప్పుడు చివరి పేజీలు ఉన్నాయో లేదో చూసుకోండి. రాక్షసుడు వచ్చాక పేజీలు చిరిగిపోయి ఉంటే, ఆ రాక్షసుడు పిల్లాడి బుర్రలో చావకుండా తిరుగుతూనే ఉంటాడు. డబ్బుల్లేవంటే, పాత చందమామల స్కాన్లు ఇంటర్నెట్‌లో ఉన్నాయి. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్‌లో తెలుగు బొమ్మల కథలు ఉచితం. ఫోన్లో చదివించేటప్పుడు నోటిఫికేషన్లు ఆపేయండి, బ్రైట్‌నెస్ తగ్గించండి, స్వైప్ చేసే పని మాత్రం వాళ్లకే ఇవ్వండి. పేజీ గురించి చెప్పిందే స్వైప్‌కీ.

చదివేటప్పుడు గొంతు మార్చి, లైట్లార్పి, వెనక నుంచి "బా!" అనడం మీకు సరదాగా ఉంటుంది. అలా చేస్తే పుస్తకం కూడా వీడియోలాంటిదే అయిపోతుంది, ఇంతసేపూ చెప్పిందంతా దండగ. "చాలు" అంటే ఆపేయండి, "పిరికివాడా" అనకండి. మామూలుగానైతే మర్నాడు ఆ దెయ్యం ఆటలోకి వస్తుంది, నోటుపుస్తకం వెనక అట్ట మీద బొమ్మగా వస్తుంది. అలా వస్తే అంతా బాగున్నట్టే. మూడు నాలుగు రాత్రులు నిద్ర లేకపోయినా, దాని గురించి అసలు మాట్లాడకుండా ముడుచుకుపోయినా ఆ పుస్తకం కొన్నాళ్లు పైఅల్మరాలో పెట్టేయండి. ఎక్కడ పెట్టారో వాడికి చూపించే పెట్టండి. కనపడకుండా దాస్తే అది ఇల్లంతా ఉన్నట్టే లెక్క.

పాతాళదుర్గం పూర్తిచేసిన పిల్లలుంటే ఒక ఆదివారం కొండపల్లి ఖిల్లాకో, ఉండవల్లి గుహలకో తీసుకెళ్లండి. ఉండవల్లిలో మెట్లెక్కి పైకి వెళ్లాక, మసక చీకట్లో పడుకుని ఉన్న అనంతపద్మనాభస్వామి దగ్గర ఒక్క నిమిషం ఏమీ మాట్లాడకుండా నిలబడనివ్వండి. మా వాణ్ని పోయిన నెల తీసుకెళ్లా. బయటికొచ్చి కృష్ణ వైపు చూస్తూ, "పిన్నీ, ఈ నీళ్ల కింద కోట ఉంటుందా?" అన్నాడు. ఉంటే ఎలా ఉంటుందో గీసి చూపించమన్నా. ఆ బొమ్మ వచ్చే ఎపిసోడ్‌లో చూపిస్తా, వాడి పర్మిషన్ తీసుకుని. అప్పటిదాకా మీ ఇంట్లో పిల్లలకు ఏ కథ పనిచేసిందో, ఏది బెడిసికొట్టిందో రాయండి. వయసు రాయడం మర్చిపోకండి. ఉంటానండీ.